2008లో ఫ్రెస్నో స్టేట్ కాలేజీ బేస్‌బాల్ కప్పు కొట్టడం గాలివాటమేనా?

ప్రశ్న అడిగినవారి సందేహం ఇది: అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో రీజినల్ నాలుగో సీడుగా దిగిన జట్టు జాతీయ ఛాంపియన్ అవడం వట్టి అదృష్టమా, మళ్లీ అలా జరుగుతుందా?

అదృష్టం లేకుండా ఎవరూ కప్పు కొట్టరు. కానీ 2008 ఫ్రెస్నో స్టేట్‌ను ‘అద్భుతం’ అని పక్కన పెట్టేసేవాళ్లు ఆ టోర్నీ ఎలా నడుస్తుందో చూడలేదన్నమాట.

ముందు ఆ నాలుగో సీడు సంగతి. 64 జట్లను నాలుగేసి చొప్పున 16 రీజినల్స్‌గా, అంటే తొలి దశ గ్రూపులుగా విడగొడతారు. ఒక్కో గ్రూపులో బలాన్ని బట్టి 1 నుంచి 4 దాకా ఇచ్చే వరసే సీడు. కాగితం మీద నాలుగో సీడు అంటే అట్టడుగు పదహారులో ఒకటి. కానీ జట్లను ఎంపిక చేసే కమిటీ బలాబలాలతో పాటు ప్రయాణ ఖర్చు కూడా చూస్తుంది, దగ్గర ఊళ్ల జట్లను ఒకచోట పడేస్తుంది. ఆ ఏడాది లాంగ్ బీచ్ రీజినల్ చూడండి: లాంగ్ బీచ్ స్టేట్, శాన్ డియాగో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా, ఫ్రెస్నో స్టేట్. నాలుగూ ఒకే రాష్ట్రం. అక్కడ నాలుగో సీడు, ఇంకో మూల చిన్న కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) నుంచి వచ్చిన నాలుగో సీడు ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది. సీడింగ్‌ను కులగోత్రాల్లా పట్టుకుని వేలాడే టీవీ వ్యాఖ్యాతలంటే నాకు ఒళ్లు మంట.

అయినా ఆ జట్టు రికార్డు గొప్పదేం కాదు. వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ టోర్నీ గెలిచి బెర్తు తెచ్చుకుంది. మొత్తం సీజన్ 47 గెలుపులు, 31 ఓటములు. ఏస్, అంటే బంతి వేసే పిచర్లలో ప్రధానమైనవాడు, టానర్ షెపర్స్ భుజం గాయంతో టోర్నీకి ముందే తప్పుకున్నాడు. ఏస్ లేని జట్టు నెగ్గింది కదా, మరి పిచింగ్ ముఖ్యం కాదా అని అడుగుతారు. ముఖ్యమే. కాకపోతే ఈ టోర్నీలో మొదటి పిచర్ కన్నా నాలుగోవాడు, అయిదోవాడు ఎవరన్నదే తేలుస్తుంది.

ఎలాగంటే, మామూలు వారాల్లో కాలేజీ జట్టు శుక్ర, శని, ఆదివారాలు ఒకే ప్రత్యర్థితో ఆడి, మధ్యలో మంగళవారమో బుధవారమో ఇంకొకటి ఆడుతుంది. ముగ్గురు మంచి స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) ఉంటే బండి నడిచిపోతుంది. రీజినల్‌లో రెండోసారి ఓడితేనే ఇంటికి. ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల వాళ్లకే రెండో అవకాశం దక్కుతుంది, ఇక్కడ అందరికీ ఉంటుంది. ఓడకుండా పోతే మూడు మ్యాచ్‌లు చాలు. మొదటి మ్యాచే ఓడితే కప్పు కోసం వరసగా నాలుగు గెలవాలి, అంటే నాలుగు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు. అప్పటికి పిచర్ల చేతులన్నీ అయిపోతాయి. సగం మంది కోచ్‌లు ఇక్కడే దెబ్బతింటారు: మొదటి రోజు ప్రత్యర్థి నాలుగో సీడే కదా అని ఏస్‌ను రెండో రోజుకు దాస్తారు. అవతలివాడు తన ఏస్‌ను మొదటి రోజే దింపుతాడు. సాయంత్రానికి ఆతిథ్య జట్టు లూజర్స్ బ్రాకెట్‌లో, అంటే ఒకసారి ఓడినవాళ్ల వరసలో ఉంటుంది.

ఫ్రెస్నో తొలి మ్యాచ్‌లోనే లాంగ్ బీచ్ స్టేట్‌ను ఓడించి రీజినల్ దాటింది. తర్వాత సూపర్ రీజినల్, అంటే రీజినల్ నెగ్గిన రెండు జట్ల పోరు, మూడింట రెండు గెలవాలి. జాతీయ మూడో సీడు (ఇది గ్రూపు సీడు కాదు, దేశం మొత్తం మీది) అరిజోనా స్టేట్ సొంత మైదానంలో ఫ్రెస్నో మొదటిది 12–4తో ఓడి, తర్వాతివి 8–6, 12–9తో గెలిచింది. అవతల బ్రెట్ వాలెస్, ఐక్ డేవిస్ లాంటి, ప్రొఫెషనల్ జట్లు డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే ఎంచుకున్న బ్యాటర్లు. చివరి ఎనిమిది జట్లు తలపడే ఒమాహాలో, పాత రోసెన్‌బ్లాట్ స్టేడియంలో, జాతీయ ఆరో సీడు రైస్‌ను 17–5తో చితక్కొట్టింది. రెండో సీడు నార్త్ కరోలినాను మూడుసార్లు ఎదుర్కొని రెండు గెలిచింది. ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లు ఆ నెలంతా కలిపి ఆరు, ఆరూ గెలిచింది. ఒకటి రెండు అయితే అదృష్టమందును.

ఫైనల్ ఎనిమిదో సీడు జార్జియాతో, ఇక్కడా మూడింట రెండు గెలవాలి. రెండు జట్ల పేరూ బుల్‌డాగ్సే, స్కోర్‌బోర్డు చూసేవాడికి తలనొప్పి. నార్త్ కరోలినాతో చివరి మ్యాచ్ జూన్ 22న, ఫైనల్ 23, 24, 25 తేదీల్లో. నడుమ ఒక్క రోజు విశ్రాంతి లేదు. మొదటిది చేతికొచ్చి జారిపోయింది, జార్జియా 7–6. రెండోదాంట్లో 5–0 వెనకబడి కూడా 19–10తో కొట్టేశారు.

మూడో మ్యాచ్ వీడియో దొరికితే స్టీవ్ డెట్‌వైలర్ మీదే కన్నేసి చూడండి. రైట్ ఫీల్డర్, బొటనవేలి లిగమెంట్ చిరిగి ఉంది. ఆ వేలితో బ్యాట్ పిడి బిగించి పట్టుకోవడమే కష్టం. రెండో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల హోమ్ రన్ (బంతిని హద్దు దాటించడం), నాలుగోదాంట్లో ఒక పరుగు తెచ్చిన డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే షాట్), ఆరోదాంట్లో మూడు పరుగుల హోమ్ రన్. జట్టు చేసిన ఆరు పరుగులూ అతని బ్యాట్ నుంచే. 6–1. ఆఖరి బంతి కూడా అతని చేతిలోకే వచ్చి పడింది. టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం థర్డ్ బేస్‌మన్ టామీ మెండోంకాకు ఇచ్చారు. మొత్తం టోర్నీ లెక్క అది, సబబే.

అదే రాత్రి ఎడమచేతి పిచర్ జస్టిన్ విల్సన్ మూడు రోజుల విశ్రాంతి మీద వచ్చి 8 ఇన్నింగ్స్‌లో 129 బంతులు వేశాడు. జనం ‘గుండె ధైర్యం’ అని పొగిడారు. నేను పొగడను. ప్రొఫెషనల్ స్టార్టర్‌కు మామూలుగా నాలుగు రోజుల విరామం ఇస్తారు, వంద బంతులు దాటితే కోచ్ లేచి నిలబడతాడు. ఇక్కడ జీతం లేని విద్యార్థి చేతిని పిండారు. విల్సన్ తర్వాత అమెరికా అగ్రశ్రేణి ప్రొఫెషనల్ బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్స్‌లో ఏళ్లపాటు ఆడాడు, నిజమే. అతనికి ఏం కాలేదు కాబట్టి పద్ధతి మంచిదనడం మాత్రం కుదరదు.

మళ్లీ జరుగుతుందా? 2012లో స్టోనీ బ్రూక్, 2023లో ఓరల్ రాబర్ట్స్, 2025లో మర్రే స్టేట్ నాలుగో సీడుగానే ఒమాహా చేరాయి. ఒక్కటీ ఫైనల్ చూడలేదు. ఒక కారణం బ్యాట్లు. 2008 నాటి లోహపు బ్యాట్లకు బంతి తగిలితే ఎగిరిపోయేది. 2011లో కొత్త ప్రమాణం తెచ్చి ఆ ఊపు తగ్గించారు, ఒమాహాలో కొత్త పెద్ద మైదానం కూడా తోడైంది. 2014 ఒమాహా టోర్నీ మొత్తంలో మూడే హోమ్ రన్లు. అంత చప్పగా అయ్యాక 2015లో బంతి కుట్టు ఎత్తు తగ్గించి కాస్త సరిచేశారు. 5–0 వెనకబడి 19 కొట్టాలంటే బ్యాట్ కూడా సహకరించాలి.

వచ్చే జూన్‌లో నాలుగో సీడును అంచనా వేయాలంటే గెలుపోటముల పట్టిక మూసేయండి. శుక్రవారం స్టార్టర్ ఎవరు, అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే బేస్) ఇస్తాడు, ఆదివారం రాత్రికి బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్లలో) 30 బంతుల లోపే వేసినవాళ్లు ఎంతమంది మిగులుతారు, ఇవి చూడండి. అలాంటివాళ్లు ముగ్గురు లేకపోతే రీజినల్ ఆఖరి రోజైన సోమవారం మ్యాచ్‌కు టికెట్ కొనకండి.