ఏనుగు నిలబడేది మునివేళ్ల మీదే

ప్రశ్న: టీచర్‌గారూ, పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మా పాపకి ఒక బొమ్మల పుస్తకం కొన్నాను. ఏనుగు, కొంగ, ఎలుగుబంటి కలిసి బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం నేర్చుకునే కథ. పాపకి ఆరేళ్లు. అప్పట్నుంచి కిటికీ ఊచలు పట్టుకుని కాలివేళ్ల కొసల మీద నిలబడుతోంది. బొటనవేలి గోరు కమిలింది. మా అత్తగారేమో ‘ఏనుగులకి డాన్సేంటి, శుభ్రంగా కూచిపూడిలో చేర్పించు’ అంటున్నారు. పుస్తకం దాచేయనా?
– ఒక తల్లి, తార్నాక

జవాబు: దాచకండమ్మా. కొసల మీద నిలబడటం మాత్రం ఇవాళే మాన్పించండి. బ్యాలేలో దానికి ముందుభాగం గట్టిగా ఉండే ప్రత్యేకమైన బూట్లుంటాయి. అవీ కొన్నేళ్లు నేర్చుకున్నాక, మామూలుగా 11, 12 ఏళ్లు వస్తేగానీ తొడగనివ్వరు. లేత ఎముకలు కదా. మడమలెత్తి, వేళ్లు నేలకి పరిచి నిలబడితే ఫర్వాలేదు.

పాపకి ఒక తమాషా చెప్పండి. ఏనుగు పాదంలో ఎముకలు చూస్తే అది ఎప్పుడూ మునివేళ్ల మీదే ఉంటుంది. మడమ కింద కొవ్వు దిండులా ఉండబట్టి పాదమంతా ఆనినట్టు కనిపిస్తుంది. కొంగకి వెనక్కి మడతపడేది మోకాలు కాదు, చీలమండ. ఎలుగు ఒక్కటే పాపం మనలా మడమ ఆనించి నడిచేది. ఆ క్లాసులో తంటాలన్నీ దానివే! ఈసారి జూపార్కుకి వెళ్తే ఏనుగు కాళ్ల దగ్గర కాసేపు ఆగండి.

అత్తగారికి ఇది చెప్పండి: 1942లో న్యూయార్కులో ఒక సర్కస్ కోసం స్ట్రావిన్‌స్కీ అనే పేరున్న సంగీతకర్త సంగీతం రాస్తే, బాలన్‌షీన్ అనే బ్యాలే గురువు నాట్యం కూర్చాడు. ఆడింది 50 ఏనుగులు, 50 మంది అమ్మాయిలు. (ఏనుగుల్ని ఎవరూ అడిగి ఉండరు, అది వేరే సంగతి.)

అలాగని ఆవిడ మాట తీసిపారేయకండి. బ్యాలేలో మొదట నేర్పే ‘ప్లియే’ అంటే మోకాళ్లు వంచడమే, మన కూచిపూడిలో మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడే అరమండికి దగ్గరి చుట్టం. మోకాలు వేళ్ల వైపుకే వంగాలి. లోపలికి వాలిందా, నా కర్ర నేలమీద టక్కుమంటుంది. మా పిల్లలు మొదటి నెలంతా ‘ఇంకా ఎంతసేపు టీచర్’ అని మూలిగేది అక్కడే.

జంతువులంటారా, మన నాట్యంలో చేతి ముద్రల్లోనే ఉన్నాయి. నడిమివేలు, ఉంగరపువేలు బొటనవేలికి ఆనించి మిగతా రెండూ నిలబెడితే సింహముఖం. బొటనవేలు, చిటికెనవేలు నిటారుగా ఉంచి మధ్య మూడూ ముందుకి వంచితే మృగశీర్షం, అంటే జింక తల. రాత్రి పుస్తకం చదివేటప్పుడు పట్టించి చూడండి, కాళ్లకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. గోరు నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.