బృహస్పతి దట్టమైన మేఘాల కింద ఏముందో నాసా వ్యోమనౌక జూనో ఎలా తెలుసుకుంటోంది?

జూనోలోని మైక్రోవేవ్ రేడియోమీటర్ బృహస్పతి మీదికి ఏ తరంగాలనూ పంపదు. లోపలి వేడి వల్ల ఆ గ్రహం నుంచి వెలువడే మైక్రోవేవ్‌లను కొలుస్తుంది, అంతే. దీనికి 0.6 నుంచి 22 గిగాహెర్ట్జ్ దాకా ఆరు ఛానళ్లు ఉన్నాయి. తరంగం పొడవు పెరిగేకొద్దీ అది ఇంకా లోతు నుంచి వస్తుంది. అన్నిటికన్నా పొడవైనవి మేఘాలకు కొన్ని వందల కిలోమీటర్ల కింది సంగతి చెబుతాయి.

ఈ తరంగాలను ఎక్కువగా పీల్చుకునేది అమోనియా. అందుకే సిగ్నల్ తగ్గితే అక్కడ అమోనియా ఎక్కువనో, చల్లగా ఉందనో అనుకోవాలి. రెండిటిలో ఏదో తేల్చడమే అసలు కష్టం. జూనో గిర్రున తిరుగుతూ ఒకే చోటును వేర్వేరు కోణాల్లో చూస్తుంది కాబట్టి ఆ చిక్కు చాలావరకు వీడుతుంది. నాకు ఇందులో బాగా నచ్చే ఉపాయం ఇదే.

భూమి నుంచే చూడొచ్చు కదా అంటే, పొడవైన తరంగాల దగ్గర బృహస్పతి రేడియేషన్ వలయాల (గ్రహం చుట్టూ చిక్కుకుని వేగంగా కదిలే విద్యుదావేశ కణాల పట్టీల) నుంచి వెలువడే రేడియో తరంగాలే అడ్డొస్తాయి. జూనో ఆ వలయాలకూ గ్రహానికీ మధ్య నుంచి దూసుకెళ్తుంది.

2016లో అక్కడికి చేరాక తేలిన పెద్ద విషయం: భూమధ్యరేఖ దగ్గర తప్ప మిగతాచోట్ల చాలా లోతు వరకూ అమోనియా తక్కువే. భూమధ్యరేఖ దగ్గర వాతావరణంలోని అణువుల్లో నీటివి దాదాపు 0.25 శాతమని 2020లో అంచనా వేశారు.