ఎమర్జెన్సీలో గుండె ఎకో: ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

ప్రశ్న: మా మామయ్యగారికి 62 ఏళ్లు, షుగరు ఉంది. అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎమర్జెన్సీ డాక్టరు మంచం దగ్గరే చిన్న మెషీన్‌తో ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) చేసి, గుండె బాగానే పనిచేస్తోందన్నారు. అయినా ఇంటికి పంపలేదు, పొద్దున మళ్లీ ఎకో తీశారు. ఒకే పరీక్ష రెండుసార్లు ఎందుకు?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: ఆ రెండు పరీక్షలూ వేరమ్మా. రాత్రి చూసేవి కొన్ని సంగతులే: ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే గుండె కింది గది) గట్టిగా ముడుచుకుంటోందా, గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరిందా, కుడి జఠరిక (ఊపిరితిత్తులకు రక్తం పంపే గది) ఉబ్బిందా, కాలేయం వెనక ఉండే ఐవీసీ అనే పెద్ద సిర ఎంత నిండుగా ఉంది. కొద్ది నిమిషాల పని. పొద్దున తీసే పూర్తి ఎకోలో కవాటాలు, గోడల కదలిక, ఒత్తిడి అన్నీ కొలిచి రిపోర్టు ఇస్తారు.

రాత్రి ఎకో బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదనుకోకూడదు. చిన్న రక్తనాళం మూసుకున్నా, నొప్పి వచ్చి తగ్గిపోయినా గుండె గోడ మామూలుగానే కదలొచ్చు. అందుకే ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీస్తారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను కొన్ని గంటల తేడాతో మళ్లీ చూస్తారు. ఆయన్ని ఆసుపత్రిలో ఉంచేయడమే సరైన పని. ఎకో మెషీన్ ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఊరంతా తిరగకండి. 108కి ఫోన్ చేసి, క్యాత్‌ల్యాబ్ (మూసుకున్న గుండె రక్తనాళాన్ని తెరిచే గది) ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేరండి.

ఈ చిన్న ఎకో అసలు విలువ బీపీ పడిపోయిన రోగి దగ్గర తెలుస్తుంది. గుండె పొరలో నీరు ఎంతుందన్న దానికన్నా ఎంత వేగంగా చేరిందన్నదే ముఖ్యం. గాయమై రక్తం ఒక్కసారిగా చేరితే 150 మిల్లీలీటర్లకే గుండె నొక్కుకుపోవచ్చు. టీబీలోనో కిడ్నీ జబ్బులోనో నెమ్మదిగా చేరితే లీటరు దాకా కూడా తట్టుకోవచ్చు. పొరపాటు జరిగేది కూడా ఇక్కడే. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు అచ్చం గుండె పొర నీరులాగే కనిపిస్తుంది. నీరు కిందికి దిగే బృహద్ధమనికి (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) ముందు ఉంటే గుండె పొరది, వెనక ఉంటే ఊపిరితిత్తిది.

ప్రశ్న: గుండె ఆగినవారికి సీపీఆర్ చేస్తూ మధ్యలో ఎకో చూస్తే కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) ఆగిపోవా?
– నర్సింగ్ విద్యార్థిని, ఉప్పల్

జవాబు: పద్ధతి తప్పితే ఆగిపోతాయి, అదే ప్రమాదం. పల్స్ చూసే విరామం రాకముందే జెల్ రాసి, రొమ్ము ఎముక కొస కింద ప్రోబ్‌ను (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) దాదాపు పడుకోబెట్టి, ఎడమ భుజం వైపు తిప్పి ఉంచాలి. మెషీన్‌లో బొమ్మ లోతు 16 నుంచి 20 సెంటీమీటర్లు పెట్టుకోవాలి. విరామం రాగానే ఒకరు పది దాకా పైకి లెక్కపెడతారు, ఆ లోపు 6 సెకన్ల క్లిప్ సేవ్ చేయాలి. బొమ్మ దొరికినా దొరక్కపోయినా పది అనగానే కంప్రెషన్లు మొదలవ్వాలి. క్లిప్‌ను ఆ తర్వాత చూసుకోవచ్చు. ప్రోబ్ పట్టుకున్నవారే టీమ్ లీడర్ కాకూడదు.

కుడి జఠరిక పెద్దదిగా కనిపించగానే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అని తేల్చేయకండి. గుండె ఆగిన కొద్ది నిమిషాలకు అది దానంతటదే ఉబ్బుతుంది. ఒక కాలే వాచిందా, ఈమధ్య ఆపరేషన్ జరిగిందా అని ఇంట్లోవాళ్లను అడగాలి. మానిటర్ మీద కరెంటు షాక్ ఇవ్వాల్సిన రిథమ్ (గుండె లయ) కనిపిస్తే ఎకో పక్కన పెట్టి ముందు షాక్ ఇవ్వాలి.