కుటుంబ సభ్యులను చూసుకునేవారికి బ్రిటన్ ప్రభుత్వ సాయం: విశాఖ నుంచి వచ్చేవారి సందేహాలకు సమాధానం

విశాఖపట్నం నుంచి బ్రిటన్‌కు కొత్తగా వచ్చే కుటుంబాలు, బయలుదేరే ముందు సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో నన్ను కలిసే పెద్దలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఎదుగుదల లోపమున్న బిడ్డ కోసమో, నడవలేని పెద్దవారి కోసమో ఉద్యోగం మానుకోవలసి వస్తే అక్కడి ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా అని. ఇస్తుంది. అయితే చాకిరీ ఎంత చేస్తున్నారన్న ఒక్కదాన్ని బట్టే ఇవ్వదు. ముందు మీ వీసాను చూస్తుంది, ఆ తరువాత మీరు చూసుకుంటున్న మనిషికి అక్కడ ఏ భత్యం అందుతున్నదో చూస్తుంది. ఈ వరుస తెలియక దరఖాస్తు పెట్టి చిక్కుల్లో పడినవారు ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఉద్యోగ వీసా మీద గాని, విద్యార్థి వీసా మీద గాని, వారి మీద ఆధారపడిన భార్య లేక భర్తగా గాని వచ్చినవారిలో చాలామందికి ప్రభుత్వ నిధులు వాడుకోరాదన్న షరతు ఉంటుంది. సంరక్షకులకు ఇచ్చే కేరర్స్ అలవెన్స్, వికలాంగులైన పిల్లలకు ఇచ్చే డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్ కూడా ఆ నిధుల జాబితాలోనివే. షరతు ఉండగా వాటిని తీసుకుంటే తరువాత వీసా పొడిగింపు దగ్గర అది ఎదురుతిరుగుతుంది. పక్కింటివారికి వస్తున్నది కదా అన్న మాట నమ్మి దరఖాస్తు చేయవద్దు, వారి వీసా వేరు, మీ వీసా వేరు. అదే సమయంలో, షరతు ఉన్నది కదా అని అన్ని తలుపులూ మూసుకున్నాయనుకోవడం కూడా పొరపాటే. ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) వైద్యం, బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అందే సాయం, ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టం కింద స్థానిక కౌన్సిల్ చేసే సంరక్షకుల అవసరాల అంచనా ఆ నిషిద్ధ జాబితాలోకి రావు. అడగడానికి మొహమాటపడి వీటిని వదులుకుంటున్న తెలుగు కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

స్థిరనివాసం వచ్చి ఆ షరతు తొలగిన తరువాత కేరర్స్ అలవెన్స్ మాట వస్తుంది. వారానికి కనీసం 35 గంటలు ఒక మనిషిని చూసుకుంటూ ఉండాలి. ఆ మనిషికి పైన చెప్పిన పిల్లల భత్యంలో మధ్యస్థ లేదా పై స్థాయి సంరక్షణ భాగమో, పెద్దలకు ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌లో రోజువారీ జీవన భాగమో, పింఛను వయసు దాటినవారికి ఇచ్చే అటెండెన్స్ అలవెన్సో వస్తూ ఉండాలి. మీరు గడచిన మూడేళ్లలో కనీసం రెండేళ్లు ఆ దేశంలో ఉండి ఉండాలి, వారానికి 21 గంటలు లేదా అంతకు మించి చదువుకుంటూ ఉండకూడదు. 2025-26 ఆర్థిక సంవత్సరపు లెక్క ప్రకారం ఇది వారానికి 83.30 పౌండ్లు; ఈ మొత్తాన్ని ఏటా ఏప్రిల్‌లో సవరిస్తారు. స్కాట్లండులో దీని స్థానంలో కేరర్ సపోర్ట్ పేమెంట్ వచ్చింది. ఒక మనిషి పేరు మీద ఒక్కరికే ఈ భత్యం ఇస్తారు కాబట్టి అన్నదమ్ములు, తోడికోడళ్లు ముందే మాట్లాడుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది సంపాదన పరిమితి దగ్గర. అదే 2025-26 లెక్కలో పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (పింఛను వంటి వాటి కోసం జీతంలో కోసే చందా), కొన్ని అనుమతించిన ఖర్చులు పోను సంపాదన పరిమితి వారానికి 196 పౌండ్లు. ఒక్క పౌండు దాటినా ఆ వారం భత్యం కొంత తగ్గడం కాదు, మొత్తం పోతుంది. దుకాణంలోనో కేర్ హోమ్‌లోనో కొన్ని గంటలు పనిచేసేవారు పండుగ రోజుల్లో అదనపు గంటలు ఒప్పుకొని, ఆ సంగతి భత్యం ఇచ్చే శాఖకు తెలియజేయకపోతే, నెలల తరువాత వేల పౌండ్లు తిరిగి కట్టమని ఉత్తరం వస్తుంది. ఇలా బాకీ పడినవారి సంఖ్య అంతగా పెరగడం వల్లనే 2024లో ప్రభుత్వం వికలాంగుల హక్కుల కోసం పనిచేసిన లిజ్ సేస్ ఆధ్వర్యంలో స్వతంత్ర సమీక్ష వేయవలసి వచ్చింది. అందువల్ల ప్రతి జీతం చీటీ దాచుకోండి, గంటలు మారిన వారమే తెలియజేయండి. భత్యం అందకపోయినా వారానికి 20 గంటలు చూసుకునేవారికి కేరర్స్ క్రెడిట్ అనే సదుపాయం ఉంది. చేతికి డబ్బు రాదు గాని, పింఛను లెక్కలో ఖాళీ పడకుండా కాపాడుతుంది.

విశాఖలో ఉన్న అమ్మానాన్నల కోసం ఈ భత్యం వస్తుందా అంటే రాదు, ఎందుకంటే వారికి బ్రిటన్ భత్యమేదీ అందడం లేదు. వారి విషయం మన రాష్ట్రంలోనే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ పింఛను పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధులకు నెలకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఆదాయ పరిమితులు ఉన్నాయి. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారుంటే అర్హత దొరకదు. దివ్యాంగుల పింఛనుకు వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం కావాలి గనుక, మీరు సెలవులో వచ్చినప్పుడు దగ్గరుండి ఆ పని పూర్తి చేయించి, వార్డు సచివాలయంలో వివరాలు కనుక్కోవడం మంచిది.

అమ్మానాన్నల కోసం వచ్చివెళ్లడానికి సెలవు సంగతి కూడా తెలుసుకోవాలి. 2024 ఏప్రిల్ 6 నుంచి బ్రిటన్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే, దీర్ఘకాల సంరక్షణ అవసరమైనవారి కోసం ఏడాదికి ఒక వారం జీతం లేని సెలవు అడిగే హక్కు వచ్చింది. తల్లిదండ్రులు మీతో ఒకే ఇంట్లో ఉండాలన్న నియమం ఆ చట్టంలో లేదు, యజమాని వాయిదా వేయవచ్చు గాని నిరాకరించరాదు. అంతకంటే ఎక్కువ రోజులు కావలసి వస్తే మాత్రం ఉద్యోగ వీసా మీద ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రసూతి, అనారోగ్యం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, క్యాలెండర్ సంవత్సరంలో జీతం లేని సెలవు మొత్తం నాలుగు వారాలు దాటితే కంపెనీ మీ స్పాన్సర్‌షిప్‌ను, అంటే మీ వీసాకు ఆధారమైన పూచీని, ఆపవలసి వస్తుంది. టికెట్ కొనడానికి ముందే మానవ వనరుల విభాగంతో మాట్లాడి, ఒప్పుకున్న తేదీలను రాతపూర్వకంగా తీసుకోండి.