పాత కారు, పాఠకుల సందేహాలు: సిగ్నల్లో ఎక్కే వేడి, పొద్దున తిరగని స్టార్టర్

ప్రశ్న: మా నాన్నగారు 1996లో కొన్న మారుతి 800ను ఇప్పటికీ నేను నడుపుతున్నాను. నెల్లూరు వెళ్లి వచ్చేటప్పుడు హైవే మీద టెంపరేచర్ ముల్లు సగం దాటదు. మాధవరం దాటి మూలకడై సిగ్నల్లో పది నిమిషాలు ఆగితే మాత్రం ఎర్ర గీత దాకా పోతుంది. రేడియేటర్ మార్చాలని మెకానిక్ చెబుతున్నారు. అంతకంటే ముందు ఇంట్లో చూసుకోదగినవి ఏమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై

జవాబు: ఉన్నాయండీ, అవి చూడకుండా రేడియేటర్‌కు డబ్బు పెట్టకండి. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని మొత్తం ఫ్యాను మీద పడుతుంది. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటే, ఇంజన్ ఎక్కువ శ్రమపడే హైవే మీదే సాధారణంగా ముల్లు లేచేది. మీ కారు సిగ్నల్లో మాత్రమే వేడెక్కుతోంది కాబట్టి మొదట అనుమానించవలసింది ఫ్యానును.

కారును నీడలో ఆపి ఇంజన్ నడవనివ్వండి. ముల్లు సగం దాటి ఎక్కుతున్నా ఫ్యాను తిరగకపోతే వెంటనే ఇంజన్ ఆపి, ముందు ఫ్యూజు చూడండి. ఫ్యూజు బాగుంటే, ఇంజన్ చల్లారాక ఫ్యాను స్విచ్ (నీటి వేడి పెరిగితే ఫ్యానును ఆన్ చేసేది) కనెక్టర్‌ను ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, అందులో రెండు వైర్లుంటే వాటిని చిన్న తీగతో కలపండి. ఒకటే ఉంటే దాన్ని ఇంజన్ లోహానికి తాకించండి. చేతులూ, చొక్కా అంచూ రెక్కలకు దూరంగా ఉండాలి. ఫ్యాను తిరిగితే పోయింది స్విచ్ మాత్రమే. తిరగకపోతే బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యాను మోటారుకు కరెంటు ఇచ్చి చూడండి: అప్పుడు తిరిగితే లోపం రిలేలోనో వైరింగ్‌లోనో ఉంది, అప్పటికీ కదలకపోతే మోటారే పోయింది. మోటారు పాత కారు విడిభాగాల బజారు పుదుపేటలో పాతది దొరికినా, కళ్లెదుట తిప్పి చూపిస్తే తీసుకోవచ్చు. స్విచ్ మాత్రం కొత్తదే కొనండి. ఒక హెచ్చరిక: వైర్లు కలిపే ఈ పరీక్ష మీ కారులాంటి కార్బురేటర్ కార్లకే పనికొస్తుంది. కంప్యూటర్ నియంత్రణ ఉన్న తర్వాతి కార్లలో సెన్సర్ వైర్లను ఇలా కలపకూడదు.

ఫ్యాను సరిగ్గా తిరుగుతున్నా వేడెక్కుతుంటే రేడియేటర్ మూత చూడండి. లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచి, అది మరిగే ఉష్ణోగ్రతను సుమారు 20 డిగ్రీలు పెంచేది ఆ మూతే. దాని రబ్బరు గట్టిపడి పగిలితే ఆ రక్షణ ఉండదు. ఇంజన్ వేడిగా ఉండగా ఆ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి, ఒత్తిడి తగ్గిన మరుక్షణం మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. చల్లారాక తీసి, లోపల నీటి రంగు చూడండి. ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా ఉంటే తుప్పు మొదలైందని అర్థం. మన ఊళ్లో చాలామంది బోరు నీళ్లే పోస్తారు. ఆ నీళ్లలోని లవణాలు బిందె అడుగున పేరుకున్నట్టే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటాయి. చెన్నైలో నీళ్లు గడ్డకట్టవు కదా, నీళ్లలో కలిపే కూలెంట్ ద్రవం ఎందుకు అని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఇక్కడ మనకు అది తుప్పు ఆపడానికీ, నీరు త్వరగా మరగకుండా ఉండడానికీ కావాలి. డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం కలపండి. కూలెంట్ తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ అందకుండా పెట్టండి.

ఇంజన్ ఆయిల్ మూత లోపల మీగడ లాంటి తెల్లని పొర కనిపించి, కూలెంట్ కూడా కారణం లేకుండా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలుచని సీలు) పోయి ఉండవచ్చు. అది ఇంట్లో చేసే పని కాదు, కారును నడపకుండా వర్క్‌షాప్‌కు లాగించుకుపోండి.

ప్రశ్న: మా కారుకు 15 ఏళ్లు దాటాయి. కొన్ని ఉదయాల్లో తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు తప్ప ఏమీ జరగదు. బ్యాటరీ కొని ఆరు నెలలే అయింది. స్టార్టర్ మోటారు మార్చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తిరువాన్మియూర్, చెన్నై

జవాబు: కావచ్చునమ్మా, కానీ సముద్రం పక్కన ఉండే కార్లలో నేను ముందు ఎర్త్ పట్టీనే చూస్తాను. ఇదే చప్పుడుకు నా సొంత కారులోనూ ఒక వర్క్‌షాప్‌లో స్టార్టర్ మార్చారు. వారం తిరగకముందే మళ్లీ అదే 'టక్'. చివరకు బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కు వెళ్లే పట్టీ బోల్టు నేనే విప్పి చూశాను. బయటికి బాగానే కనిపించిన ఆ కొస కింద పచ్చటి పొడి దట్టంగా పట్టి ఉంది. పైతొడుగు కాస్త కోస్తే లోపలి రాగి తీగలు నల్లబడి, వేలితో వంచితే పుటుక్కున తెగిపోయాయి. ఉప్పుగాలి చేసే పని అది.

చవకపాటి మల్టీమీటర్ ఒకటి చాలు. ఇంజన్ ఆపి రాత్రంతా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 కన్నా తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టించండి. తర్వాత మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ పోస్టుకూ, రెండోదాన్ని ఇంజన్ లోహానికీ ఆనించి ఇంకొకరిని తాళం తిప్పమనండి. 0.2 వోల్టుకు మించకూడదు. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే పట్టీనే దోషి. టెర్మినల్స్ విప్పేటప్పుడు మైనస్ ముందు తీసి, చివర బిగించండి. వాటి మీద పట్టిన తెల్లని పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించి, పైన వాసెలిన్ రాయండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు రాకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి.

ప్రశ్న: ఏసీ వేసినప్పుడు ముందు సీటు దగ్గర, ఎడమ వైపు మ్యాటు తడుస్తోంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఆ తడిని వేలితో తాకి వాసన చూడండి. మామూలు నీళ్లయితే ఏసీ డ్రెయిన్ గొట్టం దుమ్ముతో మూసుకుపోయింది. కారు కింద నుంచి దాని కొసను వెతికి గాలి ఊదితే తెరుచుకుంటుంది. ఇనుప చువ్వ పెట్టి పొడవకండి. జిగటగా, తియ్యని వాసనతో ఉంటే అది కూలెంట్, హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. రేడియేటర్‌లో మట్టం చూసుకుని, మరమ్మతు అయ్యేదాకా దూరప్రయాణం మానండి.