అన్నీ ఆన్‌లైన్ అయ్యాక కూడా మధ్యలో మనిషి ఎందుకు?

ప్రభుత్వ సర్వీసులన్నీ ఆన్‌లైన్ చేసేస్తే మధ్యవాళ్లు (డబ్బు తీసుకుని మన తరఫున అప్లికేషన్ పెట్టేవాళ్లు) పోతారనుకున్నారు, పోలేదు. ఫోన్ ఉంటే సరిపోదు కదా, సర్టిఫికెట్ స్కాన్ చేసి సైజు తగ్గించి అప్‌లోడ్ చేయడం, ఏ కేటగిరీ నొక్కాలో తెలియడం, స్పెల్లింగ్ కలవక రిజెక్ట్ అయితే మళ్లీ పెట్టడం, ఇదంతా వాళ్లే చూస్తారు. అసలు ఇబ్బంది ఏంటంటే వాళ్లలో కొందరు అప్లికేషన్‌లో మన ఫోన్ నంబర్ బదులు తమ నంబరే ఇచ్చేస్తారు, ఇక ఓటీపీలన్నీ అటే, స్టేటస్ చూడాలన్నా వాళ్లనే బతిమాలాలి (ఎక్కువ డబ్బు అడగడం దీనిముందు చిన్న విషయమే). నన్నడిగితే వాళ్లని తీసేయడం కన్నా సిస్టమ్‌లోనే చోటివ్వడం మేలు. డెన్మార్క్‌లో 2014 నుంచి, మినహాయింపు తీసుకున్నవాళ్లకి తప్ప, ప్రభుత్వ ఉత్తరాలు డిజిటల్‌గానే వస్తాయి, కానీ అవి చదివే పర్మిషన్ ఇంట్లోవాళ్లకో ఇంకొకరికో ఇవ్వొచ్చు, పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు.