పేరున్నవాళ్లవన్నీ చదివేశాక ఎవర్ని చదవాలి?

ఉండేది గుంటూరులో, తెలుగు నవలల్లో అందరూ చెప్పే పది పేర్లూ అయిపోయాయి, ఇక ఎటు అని కదండీ మీ ప్రశ్న. జాబితాలు అడక్కండి. ఎవర్నడిగినా ఆ పదిమందే తిరిగొస్తారు. మీకు బాగా నచ్చిన నవల ఒకటి తీసి, అందులో కథ లేని పేజీలు చదవండి.

ముందు ముద్రణ వివరాల పేజీ. ‘ప్రథమ ముద్రణ, ప్రతులు 500’ అని ఉండి, ఏళ్లు గడిచినా రెండో ముద్రణ రాకపోతే అది షాపుల్లో కనపడదు. కిందే ‘ప్రతులకు’ అని చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. మనవాళ్లు చాలామంది సొంత డబ్బుతోనే వేసుకుంటారు కాబట్టి అది తరచూ రచయిత ఇల్లే. షాపులో ‘స్టాకు లేదు’ అన్న పుస్తకం అక్కడ అటక మీద కట్టల్లో ఉండొచ్చు. తర్వాత ముందుమాట. పొగడ్తలు వదిలేసి, ఆ రచయితను ఎవరెవరితో పోల్చారో ఆ పేర్లు రాసుకోండి. సగం వెతుకులాట అక్కడే తీరుతుంది.

పాతవాటికి బెజవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల కొట్లు. అక్కడ మోసపోయేది ధరలో కాదు, పేజీల్లో. వారపత్రిక సీరియల్ చింపి బైండు చేయించినవి దొరుకుతాయి; వాటిలో మధ్యలో ఒక వారం ఎగిరిపోయి ఉంటుంది, ఒక్కోసారి ఆఖరి వారమే ఉండదు. ప్రతి భాగం పైనా ‘గత సంచిక తరువాయి’ వరస కలుస్తోందో లేదో చూడండి. అద్దె లైబ్రరీ ముద్రలున్నవాటికి చివరి పేజీలు తిప్పందే డబ్బులివ్వకండి. అచ్చు పుస్తకమైతే 16 పేజీలకో ఫారం (ఒకే కాగితం మీద అచ్చేసి మడిచి కుట్టే కట్ట) లెక్కన పేజీ నంబర్లు చూసుకోండి. ఒకే ఫారం రెండుసార్లు కుట్టేసి పక్కది వదిలేసిన కాపీలూ ఉంటాయి.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి ఏమీ కొనకుండా చిన్న ప్రచురణకర్తల కేటలాగులు తెచ్చుకుని, ఇంట్లో గుర్తులు పెట్టుకుని, రెండోసారి కొనండి. మొదటి రోజే పెద్ద స్టాళ్లలో జేబు ఖాళీ చేసుకుంటే మూలనున్న స్టాల్ దాకా వెళ్లబుద్ధి కాదు.

కొనకుండా చదవాలంటే బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం మీ ఊళ్లోనే ఉంది. పాత పత్రికల ఫైళ్లకు చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనం; 1918 నాటిది. పుస్తకంగా రాని సీరియళ్లు అలాంటి ఫైళ్లలోనే బతికున్నాయి. ఆర్కైవ్ సైటులో (archive.org) పాత పుస్తకాల స్కాన్లు బోలెడున్నాయి గానీ, పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్టు ఎక్కించారు. తెలుగులో టైపు చేస్తే దొరకనిది, రెండు మూడు రకాల స్పెల్లింగులతో, అదీ పేరులో ఒక్క ముక్కే ఇచ్చి వెతికితే బయటపడుతుంది.

కొనేముందు మొదటి పేజీ చదవకండి, అది ఎవరైనా చెక్కి పెడతారు. నడిమధ్య తెరిచి రెండు పేజీల సంభాషణ చూడండి. పేర్లు మూసినా ఎవరు మాట్లాడుతున్నారో తెలిస్తే తీసుకోండి. అందరూ రచయిత గొంతుతోనే మాట్లాడుతుంటే అట్ట ఎంత బాగున్నా అక్కడే పెట్టేయండి.